పాలున్న ఇంట్లో బిస్కెట్లు

పిల్లవాడి బరువు ఈసారి కూడా పెరగలేదు. తూకం మీంచి వాణ్ణి దించుతుంటే నర్సమ్మకు ఒళ్ళు మండింది. పెరట్లో రెండు ఆవులున్న ఇల్లది.

"వీడికి రోజూ పాలు పట్టమని పోయినసారి చెప్పానా లేదా?" అని తల్లిని అడిగింది.

"పాలన్నీ తెల్లారేసరికి పాల కేంద్రానికి పోతాయండి. వాటి మీద వచ్చిందాంతోనే వీడికి బిస్కెట్లు కొంటున్నాం కదా."

"పాలమ్మి బిస్కెట్లు కొంటున్నారా?"

నాయనమ్మ అందుకుంది. "వీధిలో పిల్లలందరూ అవే తింటున్నారమ్మా. మావాడొక్కడికే కొనకపోతే, గతిలేనివాళ్ళం అనుకోరూ?"

నర్సమ్మ తల పట్టుకుంది. ఇన్నాళ్ళూ తను చెప్పిందంతా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఆ కోపంలోనే, టీ కోసం ఉంచిన కాసిని పాలు అడిగి తెప్పించి పిల్లవాడి నోటికి అందించింది. వాడు ఒక్క గుక్క తాగి ఆమె చీర మీదే ఉమ్మేసి, బిస్కెట్ కావాలని ఏడుపు లంకించుకున్నాడు.

చేసేదేంలేక ఆమే బిస్కెట్లు పాలలో చిదిపి చెంచాతో తినిపించింది. వాడు గిన్నె ఖాళీ చేశాడు.

నాయనమ్మ ముఖం విప్పారింది. "చూశావా, బిస్కెట్లు మంచివే. నర్సమ్మే స్వయంగా పెట్టింది."

"మంచివి పాలమ్మా, పాలు," అంది నర్సమ్మ నీరసంగా.

ముసలావిడ వినలేదు. అప్పటికే గోడ దగ్గరికి వెళ్ళి, ఈ సంగతి చెప్పడానికి పక్కింటావిణ్ణి పిలుస్తోంది.