నడుము దగ్గర ఇంకో అమ్మ

నేను ఒక శవపేటిక మూతను. ఉలిక్కిపడకండి, నాలో ఎవరూ లేరు. మూతలో ఎవరూ ఉండరు, కిందుండే పెట్టెలో ఉంటారు. ఆ పెట్టె ఎప్పుడో చెదల పాలైంది. నేను మాత్రం ఈజిప్టులో, నైలు ఒడ్డున ఓ చిన్న ఊరి మ్యూజియంలో గోడకు ఆనుకుని ఉన్నాను. వేల ఏళ్లు పడుకున్నదాన్ని తెచ్చి నిలబెట్టారు. నీకు ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు.

నన్ను కోసింది మీ మేడిచెట్టుకు చుట్టమయ్యే చెట్టు నుంచి. చేయించుకున్నావిడ పేరు హెనుత్. కాస్త కలిగినవాళ్లు బతికుండగానే పెట్టె చేయించుకోవడం మా వైపు ఆనవాయితీ. అదేమీ అపశకునం కాదు. పైగా ఇరుగుపొరుగును పిలిచి చూపించుకుంటారు.

పెట్టెలో కాళ్ల వైపు ఐసిస్, తల వైపు నెఫ్తిస్, అక్కాచెల్లెళ్లయిన ఇద్దరు దేవతలూ బొమ్మలుగా కాపలా ఉంటారు. మూత లోపలివైపు, అంటే పడుకున్నవాళ్ల కళ్లకు ఎదురుగా, నూత్ నిలబడి ఉంటుంది. నూత్ అంటే ఆకాశం. పోయినవాళ్లందరికీ అమ్మ. మూత వేశాక ఆ చీకట్లో తోడు ఆవిడే. నాలో ఆవిడ బొమ్మ వేసినవాడు నెబ్రే. మాట తక్కువ, చేయి నెమ్మది. మా కార్ఖానా యజమాని పసేర్ దగ్గర తిండి కన్నా తిట్లే ఎక్కువ తిన్నవాడు.

బొమ్మ పూర్తయ్యాక హెనుత్ చూడటానికి వచ్చింది. వచ్చినామె ఊరికే చూసిపోలేదు, చక్కా పెట్టెలో పడుకుని నన్ను పైన పట్టుకోమంది. ఇద్దరు మనుషులు ఆపసోపాలు పడుతూ పట్టుకున్నారు.

"సరిగ్గా మొహానికి మొహం! మా అమ్మ కూడా ఇలాగే చూసేది" అని నవ్వింది.

ఆమెకు చదువు రాదు. తన పేరు ఎక్కడెక్కడ ఉందో నెబ్రే వేలితో చూపించాడు. 'ఇంటావిడ హెనుత్' అని నాలుగు చోట్ల ఉంది. మాలో పెళ్లయిన ఆడవాళ్ల పేరు ముందు ఆ మాట తప్పకుండా రాస్తారు. పేరు నిలిచి ఉండి, ఎవరైనా దాన్ని పైకి చదివితే చాలు, పోయినవాళ్లు ఆ లోకంలో బతికే ఉంటారని మా నమ్మకం. పేరు చెరిగిపోతే మనిషి రెండోసారి పోయినట్టే.

ఆ ఏడాది నైలు పొంగు తీయగానే ఊళ్లో జ్వరాలు వచ్చాయి. హెనుత్ కూతురు తామిత్‌కు నాలుగేళ్లు. మూడు రోజుల జ్వరంలో పోయింది.

దేహాన్ని సిద్ధం చేయడానికి డెబ్బై రోజులు పడుతుంది. అరవయ్యో రోజున హెనుత్ కార్ఖానాకు వచ్చింది. మనిషి సగమైపోయింది.

"నా పెట్టె పాపకిచ్చేయండి. నా పేరు తీసి దాని పేరు రాయండి."

పసేర్ కసురుకునే మనిషే గాని, ఆ రోజు గొంతు తగ్గించాడు. "మరి నీకో, తల్లీ? కలపకే కరువైన ఈ రోజుల్లో మళ్లీ ఇంత చెక్క ఎక్కడ దొరుకుతుంది?"

"నా సంగతి తర్వాత. నా పేరు ఒక్క చోట కూడా మిగలకూడదు. రెండు పేర్లుంటే దేవతలు ఎవర్ని పిలవాలో తెలీక తికమకపడతారు. పాప అసలే కొత్త చోట బెదురుతుంది."

తర్వాత ఆమె పెట్టె దగ్గర కూర్చుని, కూతురి ఎత్తును జానలతో కొలిచింది. ఆ కొలత ఆమె చేతికి కంఠతా వచ్చు. కాళ్ల వైపు నుంచి మొదలుపెట్టి, నా మీద ఒక చోట ఆగింది. అక్కడ నూత్ నడుము పట్టీ ఉంది.

"అయ్యా, పాప కళ్లు తెరిస్తే అమ్మ మొహం కనబడదే. నడుమే కనబడుతుంది."

"పిల్లను పైకి జరిపితే సరి" అన్నాడు నెబ్రే.

"కుదరదు. కాళ్లు ఐసిస్‌కు తగలాల్సిందే. మా తాతల నాటి పద్ధతి" అన్నాడు పసేర్.

హెనుత్ ఆ నడుము పట్టీ మీద అరచెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుంది. నేను చెక్కను, నాకు ఏడుపు రాదు. ఆ పూట వస్తే బాగుండేదనిపించింది.

మర్నాడు నెబ్రే పనిలోకి దిగాడు. తడిగుడ్డతో, గీకుడు రాయితో నాలుగు పేర్లూ తీసేశాడు. ఆ నాలుగు చోట్లా తామిత్ అని రాశాడు. ఆ తర్వాత ఎవరినీ అడగకుండా, పాప కళ్లు వచ్చే చోట, నూత్ నడుము మీద, ఇంకో అమ్మను వేశాడు. జానెడు మనిషి. మోకాళ్ల మీద కూర్చుని, రెండు రెక్కలూ చాపి, ముందుకు వంగి చూస్తోంది.

పసేర్ చూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఒక మూతలో ఇద్దరు నూత్‌లా? పూజారులు నా పరువు తీస్తారు!"

"పెద్దమ్మ పెట్టెను చూసుకుంటుంది. చిన్నమ్మ పాపను చూసుకుంటుంది" అన్నాడు నెబ్రే. నాకు తెలిసి యజమానికి అతను ఎదురు చెప్పడం అదొక్కసారే. పసేర్ గొణుక్కుంటూ పోయాడు, చెరపమని మాత్రం అనలేదు.

అతను అవతలికి వెళ్లాక నెబ్రే సన్న కుంచె తీసి, చిన్నమ్మ తల మీద రెండు మాటలు రాశాడు. మామూలుగా అక్కడ నూత్ అని రాయాలి. అతను 'ఇంటావిడ హెనుత్' అని రాశాడు.

డెబ్బయ్యో రోజున, పాపను పెట్టెలో పడుకోబెట్టాక, హెనుత్ వచ్చింది. చిన్నమ్మను చూసి, ఆ రాత మీద వేలు పెట్టి అడిగింది.

"ఇక్కడేం రాశావు బాబూ?"

"నూత్ అని, అమ్మా."

అబద్ధమాడాడు. నిజం చెబితే ఆవిడే దగ్గరుండి చెరిపించేది. నాకు నోరు లేకపోవడం ఎంత మంచిదైందో ఆ రోజే తెలిసింది. ఆమె వంగి గుడ్డల చుట్ల మీదుగానే పాప నుదురు ముద్దుపెట్టుకుని, "అదుగో, అమ్మ చూస్తోంది, భయపడకు" అని చెప్పింది. నన్ను మూశారు.

హెనుత్‌కు మళ్లీ పెట్టె కుదరలేదు. కొన్నేళ్ల తర్వాత మా సమాధి గదిలోకి తెచ్చిన ఓ పెట్టె ఆ కబురు చెప్పింది. చాపలో చుట్టి, ఊరి చివర ఇసుకలో పెట్టారట. పేరు రాయడానికి అక్కడ రాయీ లేదు, చెక్కా లేదు. ఎన్నో తరాలు గడిచాయి. గదిలోకి చెదలు వచ్చాయి. కింది పెట్టె, పాప, గుడ్డల చుట్లు, అన్నీ నెమ్మదిగా మట్టిలో కలిశాయి. నా మీద చిన్నమ్మ మాత్రం ఆ మట్టి మీదికే వంగి చూస్తూ ఉండిపోయింది.

మనుషులు నన్ను బయటికి తెచ్చి మెత్తటి కుంచెలతో దులిపారు. పోయిన వారం నగ్వా అనే పరిశోధకురాలు భూతద్దంతో వచ్చింది. నాలుగు చోట్ల, పాత పేరు గీకేసిన ఆనవాళ్ల మీద, తామిత్ పేరు చదివి రాసుకుంది. చిన్నమ్మ దగ్గరికి వచ్చేసరికి భూతద్దం ఆగిపోయింది. చిన్నపిల్లలు కూడబలుక్కున్నట్టు గొంతెత్తి చదివింది.

"ఇంటావిడ... హెనుత్."

ఆమెకు నవ్వొచ్చింది. "దేవతను ఎక్కడైనా ఇంటావిడ అంటారా? పాత పేరు చెరపడం మరిచినట్టున్నాడు" అని తనలో తను అనుకుంటూ, పుస్తకంలో 'చిత్రకారుడి పొరపాటు' అని రాసుకుంది.

రాసుకో తల్లీ, నాకేం అభ్యంతరం లేదు. ఇన్ని వేల ఏళ్లకు ఒక మనిషి నోట ఆవిడ పేరు విన్నాను. ఇంకొక్కసారి, కొంచెం గట్టిగా చదువు.