మామగారు పూడ్చిన కన్నాలు

మామగారు తాపీ మేస్త్రీ. పని మానేసి చాలాకాలమైనా, ఎక్కడ గోడ బీటవారి కనిపించినా ఆయన చేతులు ఊరుకోవు. అలాంటి మనిషి కళ్ళెదుట, పెరటి మట్టిగోడ మీద కన్నాల చుట్టూ సుద్దముక్కతో సున్నాలు చుట్టి కోడలు కాలేజీకి వెళ్ళిపోయింది. ఆమె అక్కడ పురుగుల మీద పరిశోధన చేస్తోంది. మేస్త్రీల లెక్కలో ఇంటివాళ్ళు సుద్దతో గీశారంటే అక్కడ పూడ్చమనే అర్థం. నోరు తెరిచి అడగడానికి మొహమాటపడింది కాబోలు, పిచ్చితల్లి, అని ఆయన మురిసిపోయాడు. సిమెంటు కలిపి ఒక్కటీ వదలకుండా పూడ్చి, మెప్పుకోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం కోడలు వచ్చి గోడ చూసింది. గుమ్మంలోనే కూలబడింది. ఆయన గబగబా దగ్గరికి వచ్చాడు.

"ఏమ్మా, నునుపు సరిగా రాలేదా?"

"అవి ఈగల గూళ్ళు మామయ్యగారూ. పిల్లలున్న కన్నాలకే గుర్తులు పెట్టుకున్నాను. ఈ వారమే బయటికొస్తాయి. తల్లి మూసిన మట్టినైతే కొరుక్కుని వస్తాయి గానీ, సిమెంటుని ఎలా కొరుకుతాయి?"

"ఈగలే కదమ్మా," అన్నాడాయన, తనకి తనే ధైర్యం చెప్పుకుంటున్నట్టు.

"తేనెటీగల్లోనే ఒక రకం. గుంపు కట్టవు, ఏ తల్లి గూడు దానిదే. మట్టిగోడలన్నీ పోయాక ఊరు మొత్తానికీ వీటికి మిగిలింది ఈ గోడొక్కటే. వీధిలో దానిమ్మలకి పూత వస్తోంది, కాయ నిలవట్లేదు. మన చెట్టుకి నిలుస్తోంది. ఎందుకనుకున్నారు?"

ఆ కాపు తన చేతిచలవేనని వీధంతా చెప్పుకు తిరిగిన మనిషి వెళ్ళి తాపీ అందుకున్నాడు.

సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. పొద్దువాలేదాకా ఇద్దరూ గోడకి మొహాలు ఆనించి గీకారు, ఆయన సన్న తాపీతో, ఆమె పట్టకారుతో. ఒకచోట తల్లి ఈగ మూసిన మట్టిబిళ్ళ బయటపడింది. అంచుల్లో వెంట్రుకంత సందు లేదు. ఆయన వేలితో తడిమి చూశాడు.

"ఏం పనితనం తల్లీ," అన్నాడు. సాటి మేస్త్రీ పని మీద తన పూత పూసినందుకు ఆయనకి సిగ్గేసింది.

కొన్ని కన్నాల్లో మాత్రం సిమెంటు లోతుకి దిగి బిగిసిపోయింది. ఇంకా తవ్వితే గూడే చితికిపోతుంది. చేసిన పని గట్టిగా ఉండాలన్నది ఆయన పట్టుదల. ఈసారి అదే కొంప ముంచింది.

మర్నాటి నుంచి ఈగలు రావడం మొదలైంది. మట్టిబిళ్ళలు కొరుక్కుని, తలలు దులుపుకుని, ఒక్కొక్కటే దానిమ్మ వైపు ఎగిరిపోయాయి. ఆయన కుర్చీ గోడ దగ్గరికి మారింది, భోజనం కూడా అక్కడికే. వారం గడిచింది. రావలసినవన్నీ వచ్చేశాయని కోడలి మొహం చూస్తే ఆయనకీ తెలుస్తూనే ఉంది.

"లోపలికి రండి మామయ్యగారూ, చలిగాలి మొదలైంది."

"నువ్వు పద తల్లీ. ఇంకా కొంతమంది లోపలున్నారు."

ఆమె ఇంట్లోకి వెళ్ళి శాలువా తెచ్చి ఆయన భుజాల మీద కప్పింది. తనూ ఒక పీట వాల్చుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది.