కష్టమైన గొంతు

మత్తు డాక్టర్లలో పెద్దాయనకు ఆ కొత్త పరికరం పేరెత్తడం కూడా నామోషీ. గొంతులోకి కెమెరా దింపి, ఊపిరి గొట్టం ఎటు పోతోందో తెరమీద చూపించేదాన్ని ఆయన 'టీవీ' అనేవాడు. దాన్ని వాడేవాళ్లు 'సీరియల్ బ్యాచ్'. ఆ బ్యాచ్‌లో సొంత కోడలు కూడా ఉంది. ఇంట్లో ఎలా పిలిచినా, ఆపరేషన్ థియేటర్‌లో మాత్రం 'సార్' అనాలని ఆయన ఆర్డరు.

ఆయనది కెమెరా లేని పాత బ్లేడు. దాంతో నాలుకను ఎత్తిపట్టి, వంగి, లోపలికి తొంగిచూడాలి. చూసేది ఆయనొక్కడే. గొట్టం సరిగ్గా పడితే ఆయన హస్తవాసి. పడకపోతే 'కష్టమైన గొంతు'. కాదనడానికి ఇంకెవరు చూశారు గనక! ఇన్నేళ్లూ ఆ మాట చెల్లిపోయింది.

ట్రయల్‌కొచ్చిన ఆ టీవీని కొనాలో వద్దో తేల్చడానికి ఆరోజు రెండు కేసులు పెట్టుకున్నారు. రెండూ విరిగిన దవడలే. సర్జన్ పనంతా నోట్లో కాబట్టి గొట్టం ముక్కులోంచి వెళ్లాలి. మొదటి కేసు కోడలు తెర చూస్తూ చిటికెలో ముగించింది.

"బొమ్మలు చూసి చేసేది కూడా ఒక వైద్యమేనా?" అని పెదవి విరిచాడు పెద్దాయన.

రెండోది ఆయనది. రోగి లారీ డ్రైవరు. బ్లేడు పెట్టి, పటకారులాంటి ఫోర్సెప్స్‌తో గొట్టాన్ని తోసి, "పడింది" అన్నాడు. మానిటర్‌లో ఊపిరి గీత లేవలేదు. గొట్టం అన్నవాహికలోకి పోయింది. తీసి, మాస్కుతో ఊపిరిచ్చి, మళ్లీ తోశాడు. మళ్లీ అక్కడికే. ఈసారి రక్తం కూడా వచ్చింది. ఆక్సిజన్ పడిపోతోంది.

"కష్టమైన గొంతు" అని గొణిగాడు.

"మామయ్యగారూ, జరగండి!"

అంతమందిలో ఆ పిలుపుకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా జరిగాడు. కోడలు మాస్కుతో ఊపిరిచ్చి, కెమెరా దింపింది. తెరమీద శ్వాసదారి బార్లా తెరుచుకుని ఉంది. అంత మామూలు గొంతు వైద్య విద్యార్థుల పుస్తకంలో కూడా ఉండదు. గొట్టం వెళ్లింది, గీత లేచింది, డ్రైవరు పెదవులకు రంగు తిరిగొచ్చింది.

సర్జన్ తెరవైపు చూశాడు. నర్సులు చూశారు. పెద్దాయన కూడా చూశాడు.

"ముందు మీరు దారి చేసిపెట్టారు గనక నాకు సులువుగా వెళ్లింది సార్" అంది కోడలు మెల్లగా.

"అవునవును" అన్నాడు సర్జన్, మరీ తొందరగా.