మెడలో ఇనప ముక్క

క్రీస్తుదాసు నిద్రలో ఎవరో తన మీద పడ్డారనుకుని, పక్కనే పడుకున్న భార్య గ్రేస్ గొంతు పట్టుకున్నాడు. తెల్లారాక ఆమె మెడ మీద తన వేళ్ల గుర్తులు చూసి తనే ఏడ్చాడు. గ్రేస్ తిట్టలేదు, అరవలేదు. కూతుర్ని తీసుకుని తాడేపల్లిగూడెంలో పుట్టింటికి వెళ్లిపోయింది. అప్పుడు అక్క పుష్పమ్మ మండవల్లి వెళ్లి, తమ్ముణ్ణి వట్లూరులో తన ఇంటికి తెచ్చుకుంది.

పుష్పమ్మ స్కూల్లో సైన్సు టీచరు. భర్త పోయాక ఒంటరిగానే ఉంటోంది. తమ్ముడు పటాలంలో ఉండగా శ్రీలంక వెళ్లి, జాఫ్నాలో గాయపడి వచ్చాడు. బాంబు పేలి ఒక ఇనప ముక్క మెడలో దిగబడితే, తీయడం ప్రమాదమని మిలిటరీ డాక్టర్లు అక్కడే వదిలేశారు. గాయం మానింది. మనిషి మాత్రం మానలేదు. పెన్షన్ మీద వచ్చాక మండవల్లిలో చేపల చెరువుల దగ్గర కాపలాకి కుదిరాడు. పిట్టలు చేపల్ని తినెయ్యకుండా అక్కడ టపాకాయలు పేలుస్తారు. మొదటి చప్పుడుకే గట్టు మీంచి దూకి బురదలో బోర్లా పడుకున్నాడు. కూలీలు నవ్వారు. చెరువు యజమాని నవ్వలేదు గానీ, మర్నాటి నుంచి రావద్దన్నాడు.

పుష్పమ్మ చెయ్యనిది లేదు. పాస్టరుగారి చేత ప్రార్థన చేయించింది. ఏలూరులో మానసిక వైద్యుడి దగ్గరికి తిప్పింది. ఆయన మంచివాడే. ఒక మందు వేస్తే దాసుకి రోజంతా మగత, ఇంకోటి వేస్తే కాళ్లు ఒకచోట నిలవవు. మూడోది వేస్తే అన్నం సయించదు. అన్నిటికంటే ఆమెని కోసేసింది తమ్ముడి నమ్మకం. తనతోపాటు యుద్ధంలో అవన్నీ చూసినవాళ్లు ఎందరో ఉన్నారు, వాళ్లంతా పెళ్లాం బిడ్డల్తో బాగానే ఉన్నారు, తనొక్కడే ఇలా అయ్యాడంటే తను పిరికివాడు కాబట్టేనని అతను తీర్మానించుకున్నాడు. ఎవరెన్ని చెప్పినా ఆ మాట దగ్గరే ఆగిపోయేవాడు.

2008లో వేసవి సెలవులప్పుడు ఆకివీడు నుంచి అబ్బాయిరాజు వచ్చాడు. పటాలంలో దాసుతో ఒకే కంపెనీలో పనిచేసినవాడు. ఒకప్పుడు అతని అవస్థా ఇదే. లారీ హారన్ వినపడితే మంచం కింద దూరేవాడట. ఇప్పుడు చేపల మార్కెట్‌కి ఒక్కడే వెళ్లి వేలం పాడుకొస్తున్నానని చెప్పాడు. హైదరాబాదులో ఒక ఆస్పత్రిలో మాజీ సైనికుల మెదడుకి ఫొటోలు తీస్తున్నారు. లోపల ఏ భాగం ఎలా పనిచేస్తోందో చూసి, ఎవరికి ఏ వైద్యం నప్పుతుందో అంచనా కడుతున్నారు. తనకి మాత్రలు మాన్పించి, కూర్చోబెట్టి ఆ పాత సంగతులన్నీ మళ్లీ మళ్లీ చెప్పించారట.

"ఆ ఫొటో చూశాకే మార్చారండి అక్కగారూ. అంతకుముందు అందరూ చీకట్లో చెయ్యి పెట్టి వెతికినవాళ్లే," అన్నాడు.

అతను వెళ్లాక పుష్పమ్మ తమ్ముడికి కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. భయం పుట్టే చోటు ఇదీ, దాన్ని అదుపులో పెట్టాల్సిన చోటు ఇదీ అని చెప్పింది. దాసు ఆ బొమ్మని చాలాసేపు చూశాడు.

"నా తప్పు కాదని ఆ ఫొటోలో కనపడుతుందా అక్కా?"

"కనపడుతుంది," అంది పుష్పమ్మ. అంత గట్టిగా చెప్పడానికి తనకేం తెలుసని ఆ క్షణాన అనిపించలేదు.

ఏలూరులో రైలెక్కి హైదరాబాదు వెళ్లారు. ఆ పరిశోధన చూస్తున్న డాక్టర్ జ్యోత్స్న చిన్న వయసుదే అయినా ఓపికగల మనిషి. దాసు చెప్పినదంతా మధ్యలో అడ్డు రాకుండా వింది. రక్తం తీసుకున్నారు, ప్రశ్నలడిగారు. దాసు చాలా రోజుల తర్వాత నీటుగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఆఖర్న నర్సు వచ్చి, ఒంట్లో ఇనుముగానీ, ఆపరేషన్‌లో వేసిన రాడ్లుగానీ ఏమైనా ఉన్నాయా అని అడిగింది. దాసు మెడ మీద మచ్చ చూపించాడు. ఎక్స్‌రే తీశారు. తర్వాత ఇద్దర్నీ డాక్టరు గదిలోకి పిలిచారు.

"ఆ ఫొటో తీసే మిషను పెద్ద అయస్కాంతం అండీ," అంది జ్యోత్స్న. "ఆ ముక్క మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళం పక్కనే ఉంది. లోపలికి పంపిస్తే కదలొచ్చు. కదిలితే ప్రాణానికే ముప్పు. నేను పంపించలేను."

పుష్పమ్మ ఏటా పిల్లలకి అయస్కాంతం పాఠం చెప్పే మనిషి. దారి పొడుగునా ఈ సంగతి తట్టనే లేదు. ముక్కని ఆపరేషన్ చేసి తీసెయ్యొచ్చు కదా అని అడిగింది. సర్జన్‌ని అప్పటికే అడిగానంది డాక్టరు. తీస్తే పక్షవాతం రావచ్చు, బతక్కపోవచ్చు. ఫొటో కోసమని ఎవరూ చెయ్యి పెట్టరు.

"పోనీ రాజుగారికి చేసిన వైద్యమే చెయ్యండమ్మా."

"అది ఆయన మెదడు చూసి చేసిందండీ. అలా గుర్తు చేయించడం కొందరికి మేలు చేస్తుంది, కొందర్ని ఇంకా కుంగదీస్తుంది. వీరు ఏ రకమో చూడకుండా చెప్పలేను. ఏలూరు డాక్టరుగారు చేస్తున్నదే నేనూ చెయ్యగలను, ఇంకో మందు వేసి చూడడం."

అంతసేపూ తల వంచుకుని ఉన్న దాసు అప్పుడు నోరు విప్పాడు.

"ఫొటో లేకపోతే పోనివ్వండి. ఇది నా మెదడులో జబ్బేనని ఒక్క మాట చెప్పండి డాక్టరమ్మా, చాలు."

"జబ్బేనండీ. పిరికితనం కాదు."

దాసు ఆమె ముఖంలోకి చూశాడు. "చూడకుండా చెప్పలేనని ఇప్పుడే అన్నారు కదండీ," అన్నాడు మెల్లగా.

జ్యోత్స్న కొత్త మందు రాసిచ్చి, గుమ్మం దాకా వచ్చి సాగనంపింది.

తిరుగు ప్రయాణంలో బెజవాడ దాటేదాకా దాసు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. తర్వాత, ముక్క తీయించుకుంటానన్నాడు. తీసే డాక్టరు ఎక్కడో ఉండకపోడు, అక్క సంతకం పెడితే చాలన్నాడు.

"పోతావురా," అంది పుష్పమ్మ.

"బతికుంటే ఫొటో తీస్తారు. సంగతేంటో తేలుతుంది."

ఆమె సంతకం పెట్టనంది. పెట్టకపోవడమే మంచిదని తర్వాత తనకి తనే ఎన్నోసార్లు చెప్పుకుంది. అయినా తీయడం కుదురుతుందేమో అడుగుదామని తమ్ముడికి తెలియకుండా ఎక్స్‌రే పట్టుకుని ఏలూరులో ఇంకో సర్జన్ దగ్గరికి వెళ్లింది. ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, తల అడ్డంగా ఊపి కవర్లో పెట్టి తిరిగిచ్చాడు.

కొత్త మందుతో దాసుకి నిద్రయితే పడుతోంది. చేతులు మాత్రం వణుకుతున్నాయి. చొక్కా బొత్తాలు పుష్పమ్మే పెట్టాలి. ఒక ఆదివారం చర్చి నుంచి గ్రేస్ కూతుర్ని తీసుకుని వచ్చింది. వణికే చేతుల్తో దాసు పిల్ల తల నిమరబోతే ఆ పిల్ల జడిసి తల్లి చాటుకి తప్పుకుంది. అన్నాలయ్యాక ఇద్దరూ వెళ్లడానికి లేచారు. గ్రేస్ చెప్పులేసుకుంటూ, ఏమైనా ఆశ ఉందా వదినా అని అడిగింది. పుష్పమ్మ వంగి పిల్లకి చెప్పులు తొడిగింది.

చలికాలంలో అబ్బాయిరాజు సంచిలో చేపలతో వచ్చాడు. గుమ్మంలో అతని గొంతు వినగానే దాసు లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. రాజు చాలాసేపు కూర్చున్నాడు. దాసు వస్తాడేమోనని వెనక తలుపు వైపు చూస్తూ ఉన్నాడు.

"నేనా కబురు చెప్పకపోయినా బాగుండేదేమోనండి అక్కగారూ," అన్నాడు చివరికి.

అదేం మాటండీ అనాలనుకుంది. మీకు నయమై నా తమ్ముడికి ఎందుకు కాలేదని అడగాలనీ అనుకుంది. రెండూ అనకుండా చేపల సంచి వంటింట్లో పెట్టొచ్చింది. అతను వెళ్లాక పెరట్లోకి వెళ్లింది. దాసు నూతి గట్టు మీద గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

"వెళ్లిపోయాడా?"

"వెళ్లారు."

"వాడికి బాగైనందుకు నాకు సంతోషమే అక్కా. వాణ్ణి చూడలేకపోతున్నానంతే."

పుష్పమ్మ అతని పక్కన కూర్చుంది. మధ్యాహ్నం మాత్ర వేసే వేళైందని గుర్తొచ్చి, నీళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది.