నాగుంటుంది

ఆ ఏడు చైత్రంలో జపాను విమానాలొచ్చి విశాఖ రేవు మీద బాంబులు వేశాయి. రేవులో మిగిలినవాళ్లు కూలీలు. ఊరొదిలి పరిగెత్తినవాళ్లు మేడలవాళ్లు. ఆ పరిగెత్తినవాళ్లలో చాలామంది అనకాపల్లిలో దిగారు, దిగిన నెలకే వాళ్లకి ఊరు మొహం మొత్తింది. ఎటు చూసినా బెల్లం బస్తాలు, ఈగలు, ఉక్క. సాయంత్రమైతే ఇసకలో కూర్చుని కెరటాలు చూసిన ఒళ్లు వాళ్లవి. ఆ బీచికేమో మిలటరీ వాళ్లు ముళ్లతీగ చుట్టేశారు. ఇక్కడైనా గాలి పీల్చుకునే జాగా ఒకటి ఉండాలన్నారు ప్లీడరు త్రినాధరావు గారు. శారదానది ఒడ్డున తోపు చూశారు. పార్కు అన్నారు. అంతే, పార్కు అయిపోయింది.

తోపు ఎవరిదని ఒక్కడూ అడగలేదు. కాగితాల మీద సర్కారుది. కాగితం అవతల, ఊరు ఊడ్చే రెల్లిపేట వాళ్లది. ఆ పేటలో పాలుతాగే పిల్లలు పోతే కాల్చరు, ఈ తోపులోనే పాతుతారు. నక్కలు తవ్వకుండా పైన తుమ్మకంప కప్పుతారు. పార్కు పనివాళ్లు వచ్చి కంపలన్నీ ఒకచోట పోగేసి అంటించారు. చదును చేసిన నేల మీద బెంచీలు వేశారు, ఎర్రకంకర బాట పరిచారు, గేటు పెట్టారు. బెంచీ కింద ఎవరి పిల్ల ఉందో ఎవరికి కావాలి?

ఆ పేట తల్లమ్మ పిల్ల మాత్రం బెంచీ కింద పడలేదు. అది ఉసిరిచెట్టు మొదట్లో ఉంది.

ఆడపిల్ల. ఆ వైపు ఆడపిల్లని గుంట అంటారు, ముద్దొచ్చినా గుంటే, కోపమొచ్చినా గుంటే. మూడో నెల నిండకుండానే పోయింది. రోగం కాదు, రొష్టు కాదు. బర్మా బియ్యం ఆగిపోయాక తల్లమ్మకి గంజి కరువైంది, రొమ్ము ఎండిపోయింది. గిద్దెడు పాల కోసం పాలవాళ్ల గుమ్మాలన్నీ తిరిగింది. "పాలన్నీ ఇసాపట్నం బాబుల కాపీలకి ముందే మాటాడేసుకున్నారే తల్లీ" అన్నారు. ఒకరోజు పిల్ల ఏడుపు మానేసింది. నిద్రపోయిందనుకుని తల్లమ్మ పక్కన తానూ పడుకుంది.

మొగుడు పరదేశి గొయ్యి తీసి పాతాడు. తోపు కాపలాదారు పైడిరాజు చూసీ చూడనట్టు అటు తిరిగి బీడీ కాల్చుకున్నాడు. ఆ వానాకాలం మన్నుకి చెదలు పట్టి, గోరీ మీద మోకాలెత్తు పుట్ట లేచింది. పుట్ట చూసి పనివాళ్లు దాని జోలికి వెళ్లలేదు.

పార్కు ఊడవడానికి మనిషి కావాలంటే పేటలో అందరికంటే ముందు తల్లమ్మే చీపురు పట్టుకుని నిలబడింది.

"ఆళ్ల ఎంగిలాకులు ఎత్తడానికి అంత ఉబలాటమేటే నీకు?" అన్నాడు పరదేశి.

"గుంట కాడికి ఎల్లడానికి ఇంకో దారుందేటి మావా?"

పరదేశి ఆమె చీపురు తీసుకుని కట్టు బిగించి ఇచ్చాడు.

రోజూ పొద్దున్నే గేటు తీయగానే ఉసిరిచెట్టు కిందే మొదలు పెట్టేది. పుట్ట చుట్టూ ఆకు మీద ఆకు లేకుండా ఊడ్చేది. "ఆ మూలే పట్టుకు ఏలాడతావేటే" అని పైడిరాజు గసిరేవాడు గాని ఎందుకో వాడికి తెలుసు.

కార్తీకం వచ్చింది. విశాఖ వాళ్లు కొత్త పార్కులో వనభోజనాలు పెట్టుకున్నారు. ఉసిరిచెట్టు నీడనే వంట, అక్కడే పంక్తి. వండడానికి బెజవాడ వైపు నుంచి సూర్యనారాయణ అనే వంటాయన వచ్చాడు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, ఉత్తరీయం నడుముకి బిగించి, కాలితో గీత గీశాడు. గీత తిన్నగా పుట్టలోంచి పోయింది.

"ఇక్కడ తవ్వరా గాడిపొయ్యి. మోకాలిలోతు కావాలి, గుండిగలు పెద్దవి. ఆ మట్టిగడ్డ పగలగొట్టి చదును చెయ్యి."

గునపం పైడిరాజు చేతిలో ఉంది. వాడు తల్లమ్మ వైపు చూడలేదు. నేల వైపు చూశాడు.

"ఇంకాస్త ఆ పక్కకి తవ్వితే కాదా పంతులుగోరూ?"

"పొగ పంక్తి మీదికొస్తే తినేవాళ్లు నిన్ను తిడతారా, నన్నా? వెయ్యరా వెధవా."

గునపం లేచింది. పడింది. పుట్ట అంచు పెచ్చు ఊడింది. ఎర్రమట్టిలోంచి తెల్లటి చెదపురుగులు బిలబిలమన్నాయి.

తల్లమ్మ చీపురు పారేసి పరిగెత్తుకొచ్చింది. వంటసామాన్ల మధ్య నుంచి, కడిగిన బియ్యం పక్క నుంచి, ఎక్కడ అడుగు పెట్టకూడదో అక్కడల్లా అడుగు పెడుతూ వచ్చి పుట్టకి అడ్డం నిలబడింది.

"ఓసి, దూరం దూరం," అని వంటాయన వెనక్కి గెంతాడు. "బియ్యం మైల చేసిందండీ ఇది. ప్లీడరు గారూ, ఇలా రండి."

ప్లీడరు గారు వచ్చారు, వెనకే ఆయన భార్య వచ్చింది. "ఏమిటే ఇది? ఏముంది అక్కడ?" అన్నారాయన.

తల్లమ్మ నోట వచ్చిన మాట ఒక్కటే.

"నా గుంటుంది బాబూ. తవ్వకండి."

ప్లీడరు గారి భార్య గుండె మీద చెయ్యి వేసుకుంది. "విన్నారా? నాగుంటుందిట. నాగుపామండీ."

తల్లమ్మ చెప్పింది తన పిల్ల సంగతి. వాళ్లకి వినబడింది పాము సంగతి. మాట ఒకటే, విరుపు వేరు. పాము గురించే అయితే తల్లమ్మ "నాగుంటాది" అని ఉండేది. ఆ తేడా తెలిసినవాడు అక్కడ పైడిరాజు ఒక్కడే.

"పాముంటే కొట్టి అవతల పారెయ్యి," అన్నాడు వంటాయన.

"చాల్లెండి. ఎల్లుండి నాగులచవితి పెట్టుకుని పామును కొట్టమంటారా? పిల్లలు గలవాళ్లం." ఆవిడ పైడిరాజు వైపు తిరిగింది. "నువ్వు చూశావురా ఎప్పుడైనా?"

నిజం చెబితే పుట్ట తవ్విస్తారు. శవాన్ని పాతనిచ్చినందుకు వాడి కాపలా పని ఊడుతుంది. పైడిరాజు తల్లమ్మని చూశాడు. ఆమె కళ్లు వాడి చేతిలో గునపం మీదే ఉన్నాయి.

"సూసేనమ్మగోరూ. నాగే. ఇంతుంటాది పడగ," అని అరచెయ్యి విప్పి చూపించాడు.

తల్లమ్మ తల దించుకుంది.

పొయ్యి అవతల తవ్వారు. కడిగిన బియ్యం ఏట్లో పారబోశారు. ఆ బియ్యం ఎవరికైనా ఇవ్వాలన్న ఆలోచన ఒక్క బుర్రకీ రాలేదు.

సాయంత్రం గుడిసె ముందు పరదేశి అంతా విన్నాడు.

"నా కూతుర్ని పాముని సేసేసేరన్నమాట."

"తవ్వనేదు కదా మావా. పడుకుంది, పడుకోనీ."

"నువ్వయినా సెప్పొద్దేటే, పాము కాదని?"

"సెప్తే ఏటి సేత్తారు? అయ్యో అని కూకుంటారా? ఎత్తి ఏట్లో పారేత్తారు."



మర్నాడు తల్లమ్మ వెళ్లేసరికి పుట్ట చుట్టూ నాలుగు రాటలు పాతి ముళ్లతీగ బిగిస్తున్నారు, విశాఖ బీచిలో బిగించినటువంటిదే. పెచ్చు ఊడిన చోట మన్ను మెత్తి పసుపు పూశారు, కుంకుమ బొట్లు పెట్టారు. ప్లీడరు గారి భార్య దగ్గరుండి చేయిస్తోంది. పుట్టలు వెతుక్కుంటూ పరాయి ఊళ్లో తిరగక్కర్లేకుండా పార్కులోనే నాగేంద్రుడు వెలిశాడని ఆవిడకి సంతోషం.

"ఇదిగో, నువ్వు ఇకమీదట ఈ పక్కకి రాకు," అంది తల్లమ్మని చూసి. "నీ చీపురూ నువ్వూ అటు బెంచీల వైపే. ఇక్కడ మావాళ్లు ఊడ్చుకుంటారు."

"రోజూ నానే ఊడుత్తానమ్మగోరూ ఇక్కడ."

"అప్పుడు దేవుడని తెలీదు కదే."

తల్లమ్మ గేటు దాకా వెళ్లింది. మళ్లీ వచ్చింది. "దూరం నుంచి సూడొచ్చా?"

"చూడు, ఎవరొద్దన్నారు?"

చవితినాడు తెల్లవారకముందే ఆడవాళ్లంతా తలంటుకుని, పట్టుచీరలు కట్టుకుని వచ్చారు. చలిమిడి, చిమ్మిలి, అరటిపళ్లు. చెంబులనిండా పాలు. ఇన్ని పాలు ఒక్కచోట తల్లమ్మ ఎప్పుడూ చూడలేదు. తీగ ఇవతల, మనిషి నీడ కూడా పడనంత దూరంలో నిలబడి చూసింది.

ముందుగా ప్లీడరు గారి భార్య పుట్ట దగ్గర కూర్చుంది. కూర్చున్నాక అనుమానం వచ్చింది. "ఇందులో నిజంగా నాగుంటుందంటావా?" అని తల్లమ్మని అడిగింది.

"నా గుంటుందమ్మగోరూ."

ఆవిడ కళ్లు మూసుకుని చెంబు వంచింది. పాలు కన్నంలోకి దిగాయి. చుక్క బయటికి పొంగలేదు. పుట్ట గుటగుటా పీల్చుకుంది.

"తాగుతున్నాడే," అన్నారు వెనక ఆడవాళ్లు.

సగం చెంబు కాగానే ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. తల్లమ్మ తీగ దాకా వచ్చేసింది, రాకూడదని మరిచిపోయింది.

"ఇంకా పొయ్యండమ్మా. ఆకలి తీరనేదు."

"దీనికెంత భక్తో చూశారా," అని ఆవిడ నవ్వింది. చెంబు మీద మూత పెట్టింది. "చాల్లే. ఇంట్లో కాఫీకి ఉండొద్దూ?"