అన్న పేరు చెక్కిన పతకం

నేను ఒక వెండి పతకాన్ని. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక కలకత్తా టంకశాలలో అచ్చయ్యాను. నాకు ఒకవైపు రాజుగారి తల, రెండోవైపు గుర్రమెక్కిన వీరుడు. నేను చేరాల్సిన సిపాయి పనిచేసింది మాత్రం పయనీర్ల పటాలంలో. సైన్యానికి ముందు నడిచి, బురదలో బాట వేసి, వాగుల మీద వంతెనలు కట్టే పటాలమది. అతని చేతిలో తుపాకీ కన్నా పారే ఎక్కువసేపు ఉండి ఉంటుంది. గుర్రమైతే ఎన్నడూ ఎక్కి ఉండడు. నా అంచు మీద అతని నంబరు, పేరు ఇంగ్లీషులో కొట్టారు: దీవెనయ్య.

ఒంగోలు దగ్గర కొమ్మవరానికి నన్ను తెచ్చిన తపాలా బంట్రోతు ఆ ఊరికి కొత్త.

"సిపాయి దీవెనయ్య తాలూకు మనుషులెవరు?" అని అడిగాడు.

వాకిట్లో కూర్చుని పలుపు పేనుతున్న మనిషి లేచాడు. "ఆయన చనిపోయాడు గదండీ. నేను తమ్ముణ్ణి," అని వేలిముద్ర వేసి నన్ను తీసుకున్నాడు.

బంట్రోతు మలుపు తిరిగాక, అతని భార్య మార్తమ్మ గడపలోంచి నెమ్మదిగా అంది. "ఇప్పుడన్నా నిజం చెప్పాల్సింది."

"చెప్తే నన్ను పట్టుకపోతారు. వాడు తిరిగొస్తాడా?"

ఆ మనిషే దీవెనయ్య. దండులో చేరతానని వేలిముద్ర వేసింది అతనే. తీరా బయలుదేరాల్సిన పొద్దున, పెళ్ళయి నెల కూడా నిండని భార్య ముఖం చూసేసరికి కాళ్ళు కదలలేదు. పద్దెనిమిదేళ్ళ తమ్ముడు అన్న చొక్కా తొడుక్కుని, అన్న పేరు చెప్పుకుని బండెక్కాడు. ఇతను పంపాడో, అతనే వెళ్ళాడో నాకు తెలియదు. ఆ మాట భార్యాభర్తలు నా ముందు మళ్ళీ ఎత్తలేదు. పేటలో పెద్దలకు తెలుసు. వాళ్ళు నోరు మెదపకుండానే ఒక్కొక్కరూ కన్నుమూశారు.

కొడుకు మిషను బడిలో చదువు నేర్చి, ఒకనాడు నా అంచు కూడబలుక్కుని చదివాడు. "దీని మీద నీ పేరే ఉంది నాయినా. నువ్వు యుద్ధానికి పోయావా?"

దీవెనయ్య తలగుడ్డ చుట్టుకుని పొలానికి వెళ్ళిపోయాడు. కొడుకు దాన్నే అవుననుకున్నాడు. మనుషులకు తమ వంశంలో ఒక వీరుడు ఉంటే బాగుంటుంది. దొరికాక ఇంకేమీ అడగరు. నలభై ఏళ్ళ తర్వాత ఆయన పోయినప్పుడు కొడుకు నన్ను ఆయన చొక్కాకు గుచ్చి ఫోటో తీయించాడు. సమాధిలోకి దించే ముందు నన్ను విప్పి ఇంట్లో పెట్టెలో దాచారు.

ఆ పెట్టె తెరిచింది మునిమనవరాలు హెప్సిబా. ఆర్టీసీలో కండక్టరు. చర్చి నూరేళ్ళ పండుగ పుస్తకంలో ముత్తాత గురించి రాయాలని, నా మీది నంబరుతో పాత సైనిక రికార్డుల కోసం ఉత్తరం రాసింది. నాలుగు నెలలకు జవాబు వచ్చింది. ఆ నంబరు గల దీవెనయ్య మెసొపొటేమియాలో, అంటే ఇప్పటి ఇరాక్‌లో, బాట వేస్తుండగా కలరా సోకి చనిపోయాడు. సమాధి లేదు. స్మారకం మీద పేరుంది.

హెప్సిబా ఆ కాగితాన్నీ గోడ మీది ఫోటోనూ మార్చి మార్చి చూసింది. సెలవు పెట్టి చర్చికి వెళ్ళి పాత బాప్తిస్మపు పుస్తకం తీయించింది. ఒకే రోజు బాప్తిస్మం పొందినవాళ్ళు, ఒకే తండ్రి పేరు కింద ఇద్దరు: దీవెనయ్య, అతని కన్నా చిన్నవాడు సంతోషం. సంతోషం పేరు ఆ తర్వాత ఏ పేజీలోనూ లేదు. పెళ్ళి లేదు, సమాధి లేదు.

మర్నాడు నన్ను పర్సులో వేసుకుని చిట్టెమ్మ దగ్గరికి వెళ్ళింది. దీవెనయ్య సంతానంలో మిగిలింది ఆవిడొక్కతే. తొంభై ఏళ్ళు.

"మామ్మా, మీ నాయినకు తమ్ముడున్నాడంట. సంతోషమని. ఎప్పుడన్నా విన్నావా?"

చిట్టెమ్మ నన్ను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"తమ్ముడి సంగతి తెలవదమ్మా. నాకు బాప్తిస్మంలో పెట్టిన పేరు సంతోషమ్మ. పట్టుబట్టి మా నాయినే పెట్టాడంట. పెట్టినోడు ఒక్కనాడూ పిలవలా. ఎవురన్నా పిలిస్తే లేచి బయటికి పోయేవోడు. చిట్టెమ్మ అనండి అని మా అమ్మే అందరికీ చెప్పింది. ఆ పేరంటే ఇష్టం లేదేమో, నేనంటేనే ఇష్టం లేదేమో అనుకున్నా ఇన్నాళ్ళూ."

హెప్సిబా ఉత్తరంలోని సంగతీ, బాప్తిస్మపు పుస్తకంలో చూసిందీ అంతా చెప్పింది. ముసలామె వింటూ నా అంచు మీద బొటనవేలు రాసింది. ఆవిడకు చదువు రాదు.

"ఒక్కసారి అడిగుంటే చెప్పేవోడేమో. మంచాన పడ్డప్పుడు మూడు నెలలు పక్కనే ఉన్నా గదా. అన్నం తిన్నావా, మందేసుకున్నావా అనే గానీ, ఇదేంది నాయినా అని అడగలా."

హెప్సిబా ఆవిడ చేయి పట్టుకుని పిలిచింది. "సంతోషమ్మ మామ్మా."

"ఆఁ," అంది ముసలామె.