మిగిలిపోతున్న రెండో గ్లాసు

ఆ ఇంటి తోడికోడళ్లిద్దరూ తమ కుట్టుషాపులో ఒకే గదిలో, రెండు కుట్టుమిషన్ల మీద, ఎదురెదురుగా కూర్చుని పనిచేస్తారు. కానీ మాట్లాడుకోరు. కత్తెర కావాలంటే పెద్దకోడలు గోడవైపు తిరిగి, "అత్తయ్యా, ఆవిడని కత్తెర ఇమ్మనండి" అంటుంది. ఆవిడ అక్కడే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంటుంది. మూల కూర్చుని గుండీలు కుట్టే అత్తగారు తల కూడా ఎత్తకుండా, "విన్నావుగా, ఇవ్వు" అంటుంది. కత్తెర చేతులు మారుతుంది. రోజంతా ఇదే వరస.

ఊరికే వచ్చిన పంతం కాదు లెండి. పెద్దకోడలి తల్లి ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం షాపు ఫోను మోగింది. పెద్దకోడలు వెనకగదిలో కాజాలు కుడుతోంది. ఫోను తీసింది చిన్నకోడలు. పరిస్థితి బాగాలేదు, వెంటనే పంపించండి అన్నారు అవతలివాళ్లు. ఆ సాయంత్రానికి ఒక హోటలువాళ్ల యూనిఫాంలు అప్పజెప్పాలి. ఒక్క గంటే కదా, ఇవి అయ్యాక చెబుదాం అనుకుంది చిన్నకోడలు. ఆ గంట కాస్తా సాయంత్రమైంది. పెద్దకోడలు పరుగున వెళ్లేసరికి తల్లి మొహం మీద దుప్పటి కప్పేశారు.

చిన్నకోడలు కాళ్లమీద పడి ఏడ్చింది. నలుగురూ చూస్తున్నారని పెద్దకోడలు "సరే, లే" అంది. అన్నదే గానీ లోపల మంట ఆరలేదు. ఎలా ఆరుతుంది? కన్నతల్లి కడచూపు మళ్లీ ఎవరు తెచ్చిపెడతారు?

ఇక చర్చి సంగతి. ఆ కుటుంబమంతా వెళ్లే చర్చి టైర్ల కొట్టు మీది మేడగది. యేసు చనిపోయే ముందు రాత్రి శిష్యులతో చేసిన భోజనానికి గుర్తుగా నెలకోసారి అక్కడ ప్రభువు బల్ల ఉంటుంది. తలా ఒక రొట్టెముక్క, వేలెడంత గ్లాసులో ద్రాక్షరసం. గ్లాసులు నింపే పని పెద్దకోడలిది. పాట సాగుతుండగానే పాస్టరుగారు బాప్తిస్మం తీసుకున్నవాళ్లు ఎందరొచ్చారో లెక్కపెట్టి ఆమెకు చెబుతారు. ఆమె సరిగ్గా అన్నే నింపుతుంది, ఒక్క చుక్క వృథా పోయినా ఆమె ప్రాణం ఒప్పుకోదు. పళ్లెం బెంచీల వెంట చేతులు మారుతుంది. ఎవరి గ్లాసు వాళ్లు తీసుకుని కళ్లు మూసుకుంటారు. పాస్టరుగారు "తీసుకోండి" అనగానే అందరూ ఒకేసారి తాగుతారు.

తల్లి పోయిన దగ్గర్నుంచి పెద్దకోడలు తాగడం మానేసింది. పళ్లెం వస్తే పక్కవాళ్లకు జరిపేస్తుంది. కోపం కడుపులో పెట్టుకుని తాగితే శిక్షను తాగినట్టేనని చిన్నప్పుడు సండే స్కూల్లో టీచరమ్మ భయపెట్టింది. ఆ మాట చెవిలో జోరీగలా ఉండిపోయింది. పోనీ, అంతవరకూ భరించవచ్చు. అదే బెంచీలో అత్తగారికి అవతల కూర్చుని చిన్నకోడలు హాయిగా తాగేస్తోందే, అదీ అసలు మంట! తప్పు ఆవిడది, పస్తు నాదా? అత్తగారిది నిండు విగ్రహం, ఆమె మధ్యలో ఉంటే అవతల ఏం జరుగుతోందో కనపడదు. కనపడకపోతేనేం, పెద్దకోడలికి తెలుసు. తాగే ఉంటుంది, సిగ్గులేని మనిషి.

ఆ మొదటి నెల ఆరాధన అయ్యాక గ్లాసులు కడగబోతే పళ్లెంలో నిండుగా రెండు మిగిలాయి. ఒకటి తనది. రెండోది ఎవరిది? పాస్టరుగారు లెక్క తప్పారేమో అనుకుంది. పై నెలా రెండే మిగిలాయి. ఆపై నెలా అంతే.

ఇంకేముంది, నిద్ర కరువైంది. తనలాంటి మనిషి ఇంకొకరు ఉన్నారు! ఎవరు వాళ్లు? ఏం చేసి ఉంటారు? బల్ల దగ్గర అందరూ కళ్లు మూసుకుంటే ఈవిడ ఒక కన్ను తెరిచి నలుగురినీ గాలించడం మొదలుపెట్టింది. ప్రసంగం సాగినంతసేపూ చేతి గడియారం చూసుకునే పెద్దాయన మీద మొదటి అనుమానం. ఆయన గ్లాసు ఎత్తి, అడుగు చుక్క కూడా వదలకుండా నాలుక చప్పరించాడు. ఆయన కాదు. లెక్కల టీచరు మీద పడింది, ఆమె కూడా కాదు. కొంపదీసి పాస్టరుగారేనా? ఆ ఊహకు ఒళ్లు జలదరించింది. కాస్త సంబరంగా కూడా అనిపించింది, ఉన్నమాట చెప్పుకోవాలిగా. కానీ ఆయన అందరి ముందూ నిలబడి తాగేశాడు.

వారం మధ్యలో ఆమె చర్చి ఊడవడానికి వెళ్తే పాస్టరుగారు స్టూలెక్కి ఫ్యాను రెక్కలు తుడుస్తున్నారు. ఆమె కిందనుంచి స్టూలు పట్టుకుంది. ఇక దొరికాడు, దిగి ఎక్కడికి పోతాడు?

"అయ్యగారూ, ఒక్క మాట. పరలోకంలో ఉన్న తండ్రిలాగే మనమూ ఏ లోపం లేకుండా ఉండాలని వాక్యం చెబుతోందా, లేదా?"

"చెబుతోందమ్మా."

"అలా ఉన్నవాళ్లు మన చర్చిలో ఎవరైనా ఉన్నారా?"

ఆయన రెక్క తుడవడం ఆపి ఆలోచించారు. "నాకు తెలిసి లేరు. ఈ స్టూలు మీద ఉన్నవాడు మాత్రం కాదు."

"మరి చేతకాని పని చెప్పడమెందుకు?"

"తక్కువ చెబితే అక్కడే ఆగిపోతాం కాబట్టి."

"నేను ఎక్కడ ఆగాలో అడగట్లేదండీ. బల్ల దగ్గరికి రావాలంటే ఎంత మంచితనం ఉండాలని అడుగుతున్నా. కుండబద్దలు కొట్టినట్టు చెప్పండి."

పాస్టరుగారు కిందికి చూశారు. "మొట్టమొదటి బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారో గుర్తుందా? ఆ రాత్రి గడవకుండానే ఒకడు యేసును శత్రువులకు అప్పగించాడు, ఒకడు ఆయనెవరో నాకు తెలీదన్నాడు, మిగతావాళ్లు కాలికి బుద్ధి చెప్పారు. ఆయన అంతా తెలిసే వాళ్లకి పెట్టాడు."

పెద్దకోడలు స్టూలు పట్టు వదల్లేదు. మెల్లగా అంది. "వాళ్లు తిన్నాక చేశారు. నేను తినేటప్పుడు కూడా తప్పు చేస్తూనే ఉంటే?"

"పాస్టరువి నువ్వు కావలసింది, నేను కాదు" అని నవ్వారాయన. కొత్త ప్రశ్నలాగుంది ఆయనకు, ఆ పూటంతా అదే రెక్కను మళ్లీ మళ్లీ తుడిచారు.

ఆమె ఇంటికొచ్చి అత్తగారిని పట్టుకుంది. చిన్నకోడలు ఇంకా షాపులోనే ఉంది.

"అత్తయ్యా, మామయ్యగారు మిమ్మల్ని ఏళ్లతరబడి పుట్టింటికి వెళ్లనివ్వలేదన్నారు కదా. ఆయన్ని మీరు క్షమించారా?"

"సగం."

"సగమేంటి అత్తయ్యా! ఆయన పోయి ఇన్నేళ్లయింది!"

"పోతే? మిగతా సగం కోసం నెలనెలా బల్ల దగ్గర కూర్చుని అడుగుతూనే ఉన్నా. పూర్తిగా అయ్యాకే తినాలంటే నేను ఎప్పుడో ఆకలితో పోయేదాన్ని. ఆ సూదిలో దారం ఎక్కించు, నాకు కనపట్లేదు."

పెద్దకోడలు దారం ఎక్కించింది. ఆ "సగం" అన్న మాట ఆమెకు భలే వింతగా తోచింది. భక్తి అంటే కుట్టు పూర్తయిన చొక్కాలా ఉండాలనుకుంది ఇన్నాళ్లూ. ఒక చెయ్యి లేని చొక్కా తొడుక్కుని ఈవిడ ఇంతకాలంగా అందరి మధ్యా దర్జాగా కూర్చుంటోందన్నమాట!

ఆ ఆదివారం బల్ల ఉంది. ఈసారి తాడోపేడో తేల్చుకోవాలనుకుని, తల తిరుగుతోంది గాలి కావాలని వంక పెట్టి, పెద్దకోడలు పక్కగుమ్మం దగ్గర స్టూలు వేసుకు కూర్చుంది. అక్కణ్నుంచి అన్ని బెంచీలూ, అందరి చేతులూ కనపడతాయి. పళ్లెం బయల్దేరింది. గడియారం పెద్దాయన తీసుకున్నాడు. లెక్కల టీచరు తీసుకుంది. అత్తగారు తీసుకుని, పళ్లెం చిన్నకోడలికి అందించింది.

చిన్నకోడలు పళ్లెం ఒళ్లో పెట్టుకుని గ్లాసులవైపు చూసింది. చెయ్యి ఎత్తింది. గ్లాసు దాకా వెళ్లిన చెయ్యి అక్కడే ఆగి వెనక్కి వచ్చేసింది. పళ్లెం పక్కావిడకు ఇచ్చేసి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకుంది.

పెద్దకోడలికి ముందు జాలి కాదు, చిరాకే వచ్చింది. అదేమిటి, తాగట్లేదా? మరి ఇన్ని నెలలూ నేను తిట్టుకున్నది ఎవరిని? సిగ్గులేనిదని మనసులో ఎన్నిసార్లు అన్నానో! ఆ తర్వాత వచ్చిందండీ ఏడుపు, ఆపుకుంటే ఆగేది కాదు. ఎదురెదురు మిషన్ల మీద కూర్చుని ఇద్దరం ఒకే పస్తు ఉంటున్నాం, ఒకరికొకరం తెలియకుండా.

చివరి బెంచీ నుంచి పళ్లెం ఆమె చేతికి వచ్చింది. రెండు గ్లాసులు నిండుగా ఉన్నాయి. పాస్టరుగారు ప్రార్థనలో ఉన్నారు, అందరి కళ్లూ మూసి ఉన్నాయి. ఆమె పళ్లెం స్టూలు మీద పెట్టి, రెండు చేతుల్లో రెండు గ్లాసులు పట్టుకుని, చెప్పులు లేని కాళ్లతో బెంచీల మధ్యనుంచి నడిచింది. అత్తగారు కళ్లు తెరవకుండానే ఇవతలికి జరిగి చోటిచ్చింది. పెద్దకోడలు అత్తగారిని దాటి చిన్నకోడలి పక్కన కూర్చుంది.

"పట్టుకో" అంది.

గోడకు కాదు, అత్తగారికి కాదు, నేరుగా ఆమెకే చెప్పింది. చిన్నకోడలు గ్లాసునూ మనిషినీ మార్చి మార్చి చూసింది.

"అక్కా, నన్ను క్షమించేశావా?"

పెద్దకోడలు తన లోపల వెతికి చూసుకుంది. అబద్ధమాడే చోటు కాదది. దుప్పటి కప్పిన అమ్మ మొహం అక్కడే ఉంది. మంటా అక్కడే ఉంది.

"లేదే" అంది.

చిన్నకోడలు ఆ గ్లాసును మెల్లగా వెనక్కి తోసింది. "మరి నేనెలా తాగను?"

"నేను మాత్రం ఎలా తాగనే? అయినా నాకూ ఒకటి తెచ్చుకున్నానుగా."

"తీసుకోండి" అన్నారు పాస్టరుగారు.

చిన్నకోడలు అక్క చేతిలోంచి గ్లాసు తీసుకుంది. ఇద్దరూ తాగారు.